రంగు వేయని పిట్ట

హారతి ఆ కాగితాన్ని గోడకు గుచ్చి, గుండుసూది గట్టిగా నొక్కి, వెనక్కి తిరిగిన దగ్గర పోయిన వారం కథ ఆగింది.

సూరత్ రింగ్ రోడ్ మీది చీరల కంపెనీలో ఆమె చేరి మూడు వారాలు. నెల తిరిగేలోగా, డిజైనర్లందరూ ప్రతి శనివారం కలిసి కూర్చునే 'మండలి'లో సొంత డిజైన్ ఒకటి పెట్టాలి. పదిమంది అడిగే ప్రశ్నలకు అది నిలబడితేనే కొలువు ఖాయం. వారమంతా గీసినవి గీసినట్టే చింపేసింది హారతి. చివరికి కోసాడ్ ఆవాస్ కాలనీలో తమ బ్లాకులోనే కింద ఉండే గంగవ్వ ఇచ్చిన పెన్సిల్ బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి, రంగులు నింపి, అడుగున తన పేరు రాసుకుంది. "నీదే అనుకో బిడ్డా" అని ఇచ్చేటప్పుడు గంగవ్వే అంది. ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని హారతి గోడ దాకా వచ్చింది.

ఇప్పుడు గదిలో అందరూ ఆ కాగితాన్నే చూస్తున్నారు.

కింద వీధిలో పార్శిళ్ళు మోసేవాళ్ళ కేకలు నాలుగో అంతస్తు దాకా వినిపిస్తున్నాయి. గోడ మీద ఎర్రటి అంచు, దాని పొడుగునా వరుసగా పిట్టలు. ఒక్కొక్కటీ ముందుకు నడుస్తూనే మెడ వెనక్కి తిప్పి చూస్తోంది. వాటి మధ్యలో ఒకే ఒక్క పిట్టకు రంగు లేదు. చుట్టుగీత మాత్రమే. ఇంట్లో చిన్న తెర మీద చూసినప్పుడు ముచ్చటగా అనిపించిన బొమ్మ, ఇక్కడ పెద్ద కాగితం మీద వేరేలా ఉంది. అన్ని పిట్టల కళ్ళూ తననే చూస్తున్నట్టనిపించి హారతి చూపు తిప్పుకుంది.

మండలికి పెద్ద హేతల్‌బెన్ గొంతు సవరించుకుంది. నలభై ఏళ్ళ గుజరాతీ మనిషి, నెమ్మదిగా హిందీలో మాట్లాడుతుంది. "కొత్తమ్మాయి కోసం ఇంకోసారి చెబుతున్నా. బాగుంది, బాగోలేదు అనే రెండు మాటలూ ఈ గదిలో పనికిరావు. మీకేం కనబడిందో చెప్పండి. అర్థం కానిది అడగండి. బొమ్మ గురించే మాట్లాడండి, మనిషి గురించి కాదు."

ముందుగా ప్రణయ్ అందుకున్నాడు. హారతి కన్నా రెండేళ్ళు పెద్దవాడేమో. వాళ్ళ నాన్న కూడా ఒకప్పుడు మగ్గాల మీద పనిచేసినవాడే. "నాకు నడక కనవడ్తుంది. నిలబడ్డ బొమ్మలు కావివి. కానీ ఎరుపు మీద ఈ పసుపు జర ఎక్కువైంది. మగ్గం మీద నేసినంక గింత మెరవదు, మాసిపోయినట్టైతది. ఒక మెట్టు దించు."

హారతి గబగబా రాసుకుంది. ఆ పసుపు తనే వేసింది. దాన్ని సరిదిద్దుకోవచ్చు.

"ఆ ఒక్క పిట్టను ఎందుకు వదిలేశావు?" హేతల్‌బెన్ అడిగింది.

"మొదట నింపాను బెన్. నింపగానే అంచంతా బరువెక్కిపోయింది, ఊపిరాడనట్టు. మళ్ళీ తీసేశాను." అది నిజమే. నోటివెంట నిజం వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"మంచిది. చేసి చూసి తెలుసుకున్నావు. మరి మెడలు వెనక్కి ఎందుకు?"

హారతి నోరు తెరిచింది. అందంగా ఉంటుందని అనొచ్చు. ఆ గదిలో అలాంటి జవాబు ఎవరూ ఒప్పుకోరని మూడు వారాల్లోనే తెలిసింది. బొమ్మ గీసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ జవాబు తెలియని ప్రశ్న అది. ఆమె బొమ్మ వైపు చూసింది. పిట్టలు ఆమె వైపు చూశాయి.

"కుచ్చిళ్ళ కోసం."

ఆ మాట గది చివరి నుంచి వచ్చింది. అన్నది సదానందం. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. గళ్ళ కాగితం మీద చేత్తో డిజైన్ ఎక్కించగలవాడు కంపెనీలో ఇప్పుడు ఆయనొక్కడే. అందరికీ కాకా. చేరిన రోజు "మనోళ్ళ బిడ్డవా, ఏ ఊరు మీది?" అని పలకరించి, ఛాయ్ తాగించింది ఆయనే. కిటికీ పక్కనున్న కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడు. కొత్తలో హారతి తెలియక కూర్చోబోతే చెయ్యి పట్టుకుని లేపాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడాయన గోడ దగ్గరికి నడిచి వస్తున్నాడు. కాగితానికి జానెడు దూరంలో ఆగాడు.

"మెడ ముందుకు చాపిన పిట్ట కుచ్చిళ్ళు పెట్టంగనే మడతల తెగిపోతది. సగం పిట్ట అవుపడ్తది. మెడ ఎనుకకు తిప్పితే తలకాయ ఒంటి మీదనే ఉంటది, బొమ్మ తక్కువ జాగల ఒదుగుతది. చీరె కట్టేటోళ్ళకే తట్టే ముచ్చట ఇది. మొగోళ్ళకు తట్టదు." ఆయన వేలు రంగు లేని పిట్ట దాకా వెళ్ళి, తాకకుండా ఆగిపోయింది.

"ఎవరు గీసిండ్రు బిడ్డా?"

"కాకా, రూల్..." అన్నాడు ప్రణయ్. "బొమ్మ గురించే అడగాలె కద."

"ఎవరు గీసిండ్రు?"

హారతికి తన పేరు కాగితం అడుగున నల్లగా కనిపిస్తోంది. అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి సందు. మగ్గాల షెడ్డులో ఇరవై రెండేళ్ళు నిలబడి పనిచేసి, 'నా బిడ్డ కూసోని పనిజేస్తది' అని అందరికీ చెప్పుకుని పోయిన తన తండ్రి నర్సింగం గుర్తొచ్చాడు. కూర్చుని చేసే పని ఇదేనా?

"నేను గీసింది కాదు," అంది హారతి. ముందు తెలుగులో, తరవాత అందరికీ అర్థమయ్యేలా హిందీలో. "రంగులు మాత్రమే నావి. గీత మా బ్లాకులో ఉండే గంగవ్వది. ఆమె ఇచ్చింది. నా పేరు రాసుకోవడం తప్పే."

హేతల్‌బెన్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండుననిపించింది. ఆమె లేచి వచ్చి గుండుసూదులు ఒక్కొక్కటిగా తీసి, కాగితం చుట్టి హారతి చేతిలో పెట్టింది. "గీసినవాళ్ళ పేరు లేని డిజైన్ ఈ గోడ మీద ఉండదు. సోమవారం ఆమె పేరు రాసి, ఆమె ఒప్పుకున్నట్టు సంతకం తీసుకురా. దాంతో పాటు నీది ఒకటి తీసుకురా. వంకరగా ఉన్నా పరవాలేదు. వంకరను మేం దిద్దగలం. లేని మనిషిని దిద్దలేం."

హారతి తల ఊపింది. కళ్ళ నీళ్ళు జారకముందే బయటికి నడిచింది.

మెట్ల దగ్గర సదానందం ఆమెను అందుకున్నాడు. ఆయాసపడుతున్నాడు.

"ఆ గంగవ్వ ఎట్లుంటది?"

"ముసలామె కాకా. అరవై దాటినయి. చీరెలకు రాళ్ళు అతికిచ్చే పని తెచ్చుకుంటది."

"ఎడమ చేత్తోని గీస్తదా?"

గంగవ్వ చేతులు హారతి కళ్ళ ముందు మెదిలాయి. కణుపులు వాచి, వేళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయిన చేతులు. రాయి పట్టుకోవడానికే తంటాలు పడుతుంది. ఆమె పెన్సిల్ పట్టుకోగా హారతి ఒక్కసారి కూడా చూడలేదు. బొమ్మలు ఇవ్వడం చూసింది, అంతే. గీసింది కూడా ఆమే అనుకుంది.

"ఏమైంది కాకా? ఎవరనుకుంటున్నరు మీరు?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. పైకీ కిందికీ మనుషులు తిరుగుతూనే ఉన్నారు. బట్టల కట్ట భుజాన వేసుకున్న ఒకతను "బాజు, బాజు" అని పక్కకు తప్పుకోమని అరుచుకుంటూ వాళ్ళను ఒరుసుకుని దిగిపోయాడు. ఆ సందడిలో సదానందం చాలా చిన్న గొంతుతో చెప్పుకుపోయాడు.

పదమూడేళ్ళ కిందటి మాట. అప్పుడు మండలికి రూల్స్ లేవు, హేతల్‌బెన్ లేదు. పదకొండు మంది మగవాళ్ళు, అందరికీ పెద్ద సదానందం. చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పనికి వచ్చే విజయరాణి అనే ఆవిడ ఒక రోజు కాగితం పట్టుకుని గదిలోకి వచ్చింది. సిరిసిల్ల వైపు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుంది.

"ఇసొంటి పిట్టలే. ఇట్లనే ఒకటి రంగు లేకుండ. నేను నవ్విన బిడ్డా. 'రంగు ఒడిసిపోయిందా' అన్న. 'పోయి పోగులు తెంపుకో, గీసుడు నీతోని కాదు' అన్న. నేను నవ్వితే అందరు నవ్విండ్రు. ఆమె ఏడ్వలే. 'తప్పేందో చెప్పుండ్రి సారూ, దిద్దుకుంట' అన్నది. రెండుసార్లు అడిగింది. నేను చెప్పలే."

"తర్వాత?"

"కాయితం తీస్కొని పోయింది. తెల్లారి అమ్రోలి వంతెన మీద ఆమె చెప్పులు దొరికినయి. పక్కపొంటి టిఫిన్ డబ్బ. తాపి నదిల నాలుగు దినాలు వెతికిండ్రు. శవం దొరకలే. పెనిమిటి సోమలింగం పదో దినం జేసి, ఊరికి పోయిండు. మల్ల రాలే." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "హేతల్ వచ్చినంక ఈ రూల్స్ పెడదామన్నది నేనే. ఎందుకో ఆమెకు చెప్పలే. శనివారం శనివారం ఆ కుర్సీల ఎవరో కూసున్నట్టే ఉంటది నాకు. అందరు బొమ్మలు చూస్తరు. నేను కుర్సీ దిక్కు చూడకుండ కూసుంట."

ఎండాకాలం మొదలైన మధ్యాహ్నం. చుట్టూ వందమంది మనుషులు. అయినా హారతికి ఒళ్ళు జలదరించింది. చంకలో చుట్టి పెట్టుకున్న కాగితం ఒక్కసారిగా బరువైంది. గంగవ్వ ఇంట్లో ఇంకో మనిషి ఉంటుందన్న సంగతి అప్పుడు తట్టింది ఆమెకు.

గంగవ్వ ఆ బ్లాకులోకి వచ్చి ఏడాది కాలేదు. ఆమెతో పాటు ఎవరో చుట్టాలావిడ కూడా వచ్చింది. భివండి నుంచి వచ్చిందని, ఒంట్లో బాగుండదని గంగవ్వ అనేది. హారతి ఎప్పుడు వెళ్ళినా ఆవిడ లోపలి గదిలో, తలుపుకు వీపు పెట్టి, తల మీదుగా కొంగు కప్పుకుని కిటికీ వైపు తిరిగి కూర్చునేది. నమస్తే అంటే తల ఊగేది. ఇన్ని నెలల్లో ఆ ముఖం హారతి చూడలేదు.

ఇదంతా చెబితే సదానందం లేచి నిలబడ్డాడు. ముందు నడిచాడు.

ఇద్దరూ కోసాడ్‌కు ఆటో ఎక్కారు. తాపి దాటేటప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. అటు పక్క బురదలో కొంగలు నిలబడి ఉన్నాయి. ఆటో వంతెన దిగిందని హారతి చెప్పేదాకా ఆయన కళ్ళు తెరవలేదు.

ఆవాస్‌లో ఆ వేళకు ఆడవాళ్ళంతా గుమ్మాల్లో కూర్చుని చీరలు ముందేసుకుని పనిచేస్తుంటారు. హారతి వాళ్ళమ్మ లలితమ్మ పైనుంచి చూసి, "గింత జల్ది వచ్చినవేందే?" అని కేకేసింది. "వస్తున్ననే అమ్మా" అని హారతి కింది తలుపు దగ్గరే ఆగింది. తలుపు ఓరగా వేసి ఉంది.

"గంగవ్వా."

గంగవ్వ గుమ్మంలోకి వచ్చింది. హారతిని చూసి నవ్వబోయింది. వెనకనున్న మనిషిని చూసి నవ్వు ఆపుకుంది. ఆయనెవరని అడగలేదు. అడగకపోవడమే హారతిని భయపెట్టింది. ఆ ముసలామె రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి, దారికి అడ్డంగా నిలబడింది.

"అవ్వా, ఆ బొమ్మ నువ్వే గీసినవా?"

"నా చేతులు జూడు బిడ్డా. ఇవి గీసే చేతులా?" గంగవ్వ సదానందం ముఖంలోకి చూసింది. "గీసినామె నువ్వొస్తవని చెప్పింది. ఈ పిల్ల మీ ఆఫీసుల జేరిందని తెలిసిన్నాడే చెప్పింది. ఆ పిట్టను జూస్తే ఆగడు, ఉరికొస్తడు అన్నది. అయితే లోపటికి రానియ్యద్దన్నది. ముంగట ఒక మాట అడగాల్నట."

"అడుగుండ్రి," అన్నాడు సదానందం.

అడిగింది గంగవ్వ కాదు. లోపలి గదిలోంచి వచ్చింది మాట. గంగవ్వ భుజం పక్కనుంచి హారతికి ఆ గది కనిపిస్తోంది. ఎప్పటిలాగే కిటికీ ముందు ఆ వీపు, ఆ కొంగు. ఎడమ మోచెయ్యి కదలడం ఆగింది.

"తప్పేందో చెప్పుండ్రి అని అడిగిన. పదమూడేండ్లాయె. గిప్పుడన్న చెప్తవా?"

పక్కింటి గుమ్మాల్లో మాటలు ఆగిపోయాయి. ఎవరికీ తెలుగు అర్థం కాకపోయినా అందరూ ఇటే చూస్తున్నారు.

"విజయరాణీ..." అన్నాడు సదానందం.

"పేరు వద్దు. బొమ్మ గురించే చెప్పు. మీ ఆఫీసుల గట్లనే మాట్లాడుకుంటరట కద, ఈ పిల్ల చెప్పింది."

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు, ఆ గుమ్మం ముందే, చిందరవందరగా పడి ఉన్న చీర ముక్కల మధ్య. "తప్పు లేకుండె. ఒక్క గీత గూడ తప్పు లేకుండె. మెడ ఎందుకు తిప్పినవో చూడంగనే తెలిసింది నాకు. ఇరువై ఏండ్లు గీసిన నాకు తట్టనిది, పోగులు తెంపే మనిషికి తట్టిందని ఓర్వలేకపోయిన. ఆ రంగు లేని పిట్ట కాడ చూపు ఆగి, జర సేద తీరి, మల్ల నడుస్తది. అది తీసేస్తే బొమ్మే లేదు. గీ మాట ఆనాడే చెప్పాల్సింది. చెప్పలే. నా పాపమే. నువ్వు సచ్చిపోయినవనుకొని దినదినం..."

మాట పూర్తి కాలేదు. ఏడుపు ముంచుకొచ్చింది. హారతి కళ్ళు కూడా తడిశాయి. పదమూడేళ్ళుగా మోసిన బరువును ఒక మనిషి తన ముందే దింపుకుంటున్నాడు. లోపలి మనిషి బతికే ఉంది. ఇంక ఆవిడ ఒక్క మంచి మాట అంటే చాలు, ఇద్దరికీ విముక్తి. ఆ మాట కోసం హారతి ఎదురుచూసింది.

లోపల పెన్సిల్ కింద పెట్టిన చప్పుడు.

"హారతీ," అంది ఆ గొంతు. పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఈయన నీకేం చెప్పిండు బిడ్డా? కాయితం ఎవరి తాన ఉండె అన్నడు?"

హారతి తడబడింది. "మీరే తీస్కపోయిండ్రని..."

"చెప్పులు ఎప్పుడు దొరికినయన్నడు?"

"తెల్లారే అన్నడు."

సదానందం ఏడుపు టక్కున ఆగింది. తుడిచినట్టు ఆగిపోయింది. హారతి ఆయన వైపు తిరిగింది. తడి ముఖం అలాగే ఉంది కానీ, ఆ కళ్ళలో ఇప్పుడు దుఃఖం లేదు. దారి వెతుక్కునే మనిషి కళ్ళలా అవి ఆవాస్ గేటు దాకా పరుగెత్తి తిరిగి వచ్చాయి.

"నవ్విండ్రని ఎవరన్న సస్తరా బిడ్డా?" ఆ గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకునే మనిషి నిదానం ఉంది. "ఆ కాయితం నాకు ఇయ్యలే ఆయన. సంచిల పెట్టుకున్నడు. తెల్లారి నేను పనికి పోయిన. ఆ తెల్లారి గూడ పోయిన. నలుబై దినాలు నేను ఈ సూరత్‌లనే ఉన్న, రోజూ ఆయన ముంగట్నుంచే నడిచిన. నలుబయ్యో నాడు సలాబత్‌పురాల ఒక చీరెల దుకాణం ముంగట నిలవడ్డ. ఏం జూసిన్నో ఆయనకు ఎరుకే. ఆ సందేళ వంతెన మీదికి నేను ఒక్కదాన్నే పోలే."

కొంగు కదిలింది. ఇన్ని నెలలుగా తలుపుకు వీపు పెట్టి కూర్చున్న మనిషి, కుర్చీ చేతుల మీద బలం వేసి, మెల్లగా ఇటు తిరగడం మొదలుపెట్టింది.

"వంతెన మీద నా ఎంబడి ఎవరుండిరో నువ్వు చెప్తవా సదానందం, నన్ను చెప్పుమంటవా?"